ఒకే డిస్క్, మూడు వయసులు: అరిగిన మిడ్‌రేంజ్‌ని పారేయకండి

ఈరోజు షార్లెట్‌లోనే ఒక పార్క్‌లో ఉన్నాను. వెనకాల గొలుసుల బుట్ట కనిపిస్తోంది కదా, దాంట్లో వేయాలి. గాలి పెద్దగా లేదు, ఇవాళ మాట్లాడబోయే విషయానికి అదే కావాలి.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, ఆడటం మొదలుపెట్టి ఏడాది అయింది. మొదట్లో నా మిడ్‌రేంజ్ చివర్లో ఎడమకి వాలేది. ఇప్పుడు అదే డిస్క్ కుడికి తిరిగి చెట్లలోకి పోతోంది. నా చెయ్యి పాడైందా?"

తమ్ముడూ, నీ చెయ్యి పాడైందని ఇప్పుడే అనుకోకు. డిస్క్‌కి వయసొచ్చి ఉండొచ్చు. ఈ తేడా తెలియక నేను దాదాపు ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ఆ కథ చెప్తాను, ముందు ఇవి చూడండి.

నా చేతిలో మూడు డిస్క్‌లు ఉన్నాయి. మూడూ ఇన్నోవా వాళ్ల రాక్, మూడూ డీఎక్స్ ప్లాస్టిక్, బరువు కూడా దగ్గర దగ్గరగా ఒకటే. ఎర్రది పోయిన నెల కొన్నాను. పసుపుది ఏడాదిన్నర నుంచి నా దగ్గర ఉంది. ఈ నీలంది చూడండి, అంచు మొత్తం కుక్క కొరికినట్టుంది. ఇది మూడేళ్లది. పైన ముద్ర కూడా చెరిగిపోయింది.

కొత్తగా చూసేవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. డిస్క్ మీద నాలుగు అంకెలు ఉంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. రాక్‌కి 4, 4, 0, 3. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేసేవాళ్లకి టర్న్ అంటే డిస్క్ వేగంగా పోతున్నప్పుడు కుడికి ఎంత తిరుగుతుందో, ఫేడ్ అంటే వేగం తగ్గాక ఎడమకి ఎంత వాలుతుందో. ఎడమచేతివాళ్లు అన్నీ తిరగేసుకోండి. టర్న్ 0 అంటే కుడికి తిరగదు, ఫేడ్ 3 అంటే చివర్లో ఎడమకి బాగానే దిగుతుంది. ఈ అంకెలు కొత్త డిస్క్‌కి రాసినవి. చెట్టుకి వంద సార్లు తగిలిన డిస్క్‌కి ఆ అంకెలు వర్తించవు.

ఎందుకంటే, అంచు మీద వేలు పెట్టి చూడండి. పై భాగం, కింది భాగం కలిసే చోట ఒక గీత తగులుతుంది, దాన్ని పార్టింగ్ లైన్ అంటారు. అది ఎంత ఎత్తులో ఉంటే డిస్క్ అంత మొండిగా ఎడమకి దిగుతుంది. చెట్లకీ రాళ్లకీ తగిలి, నేల మీద ఒరుసుకుని ఆ అంచు నలిగే కొద్దీ, కింద పడే కొద్దీ, డిస్క్ మొండితనం తగ్గుతుంది. కుడికి తిరగడం మొదలవుతుంది, ఎడమ వాలు తగ్గుతుంది. అంతే కథ.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొత్త బాల్ ఒకలా, 50 ఓవర్లు ఆడిన బాల్ ఇంకోలా. టెస్టుల్లో 80 ఓవర్ల తర్వాత కొత్త బాల్ తీసుకోవచ్చు, కానీ అది చేతికొచ్చాక పాతది పోయినట్టే. ఇక్కడ మనకి కొత్త బాల్, పాత బాల్, మరీ పాత బాల్, అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ఏది కావాలంటే అది తీయొచ్చు. మన సిరాజ్‌కి కూడా ఈ సౌకర్యం లేదు!

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాది నా దగ్గర ఉన్న ఒకే ఒక్క మిడ్‌రేంజ్ ఈ నీలంది. కొత్తలో దాని మీద నాకు గట్టి నమ్మకం. బుట్టకి కొంచెం కుడిగా గురిపెట్టేవాణ్ని, చివర్లో ఎడమకి వచ్చి బుట్ట పక్కన కూర్చునేది. ఎనిమిదో నెలకి రావడం మానేసింది. నేనేమో రిలీజ్ తప్పుతోందనుకున్నాను. మణికట్టు వంచి, అంచు బాగా కిందికి వాల్చి వేయడం మొదలుపెట్టాను. ఆ డిస్క్ దారిలోకి వచ్చింది. సంతోషించాను. తర్వాత డ్రైవర్ తీస్తే అది ఎడమకి నేల మీద పడుతోంది, పటర్ కూడా అంతే. అరిగిన ఒక్క డిస్క్ కోసం చేతినే మార్చేసుకున్నానన్నమాట.

ఇక్కడే ఆడే ఒక పెద్దాయన నా అవస్థ చూసి, తన సంచిలోంచి కొత్త రాక్ తీసి ఇచ్చి, "దీన్ని మామూలుగా వెయ్" అన్నాడు. వేశాను. పాపం, అది ఎడమ పొదల్లోకి పోయింది. వెతకడానికి ఇద్దరికీ పది నిమిషాలు పట్టింది. దొరికాక ఆయన ఒక్కటే చెప్పాడు, అరిగిన డిస్క్ దగ్గర చెయ్యి నేర్చుకోవద్దని. ఆ మాట ఆరోజు కోపం తెప్పించింది, కానీ నిజం.

అందుకే తమ్ముడూ, నువ్వు చేయాల్సింది ఇది. అదే మోడల్, అదే ప్లాస్టిక్, అదే బరువులో కొత్తది ఒకటి కొను. డీఎక్స్ లాంటి మామూలు ప్లాస్టిక్ అయితే పెద్ద ఖర్చేం కాదు. గాలి లేని రోజు ఖాళీ మైదానంలో రెండూ ఐదేసి సార్లు వెయ్. ఒకటే బలం, చదునుగా. ఫోన్‌ని వెనకాల స్టాండ్ మీద పెట్టి రికార్డ్ చెయ్. కొత్తది నేరుగా పోయి ఎడమకి దిగి, పాతది మాత్రమే కుడికి పోతే తేడా డిస్క్‌లో ఉన్నట్టు. కొత్తది కూడా కుడికి తిరిగితే అప్పుడు చేతి సంగతి చూడాలి. అంచు పైకి లేస్తోందేమో, లేదా ఏడాదిలో నీ చేతి వేగం పెరిగిందేమో. వేగం పెరిగితే మంచిదే కదా, ఏడవకు.

గాలి లేని రోజు అని ఎందుకన్నానంటే, ఎదురుగాలిలో కొత్త డిస్క్ కూడా పాతదానిలా తిరుగుతుంది. వెనక నుంచి గాలి ఉంటే పాతది కూడా ముందే దిగిపోతుంది. గాలిలో టెస్ట్ చేస్తే తేలేది గాలి సంగతే.

సరే, ఇప్పుడు మూడూ ఎక్కడ వాడతానో చూద్దాం. ఎర్రది, కొత్తది: ఎదురుగాలి ఉంటే ఇదే. బుట్ట ఎడమవైపు చెట్టు వెనక దాక్కుంటే కూడా ఇదే. ఎలాగూ ఎడమకి దిగుతుందని తెలుసు కాబట్టి గట్టిగా వేయొచ్చు. పెద్దగా చెప్పడానికి ఏం లేదు.

పసుపుది నాకు అన్నిటికంటే ఇష్టం. అంకెల్లో చెప్పమంటే టర్న్ మైనస్ 1, ఫేడ్ 1 దగ్గర ఉంటుందేమో, ఇది నా అంచనా మాత్రమే. ఎలా వదిలితే అలా పోతుంది. ఇక్కడ చాలా కోర్సుల్లో చెట్ల మధ్య సన్నటి సందులు ఉంటాయి. 240 అడుగుల సందులో నేరుగా వేయాలంటే ఇదే తీస్తాను. కొంతమంది దీనికోసం వేరే నేరుగా పోయే డిస్క్ కొంటారు. డిస్క్రాఫ్ట్ బజ్ ఉంది కదా, కొత్తలోనే 5, 4, మైనస్ 1, 1. అది మంచి డిస్కే, కాదనను. కానీ చేతిలో పట్టు మారుతుంది. నా మూడూ ఒకేలా పట్టుకోవచ్చు, అంచు వేళ్లకి తెలుసు. ఒత్తిడిలో ఉన్నప్పుడు అది చాలా పెద్ద విషయం.

ఇక నీలం ముసలిది. దీన్ని చదునుగా వేస్తే కుడికి తిరిగి, కుడివైపే ఉండిపోతుంది. కుడి మలుపు ఉన్న హోల్‌కి ఇంతకంటే ఏం కావాలి? అదే డిస్క్‌ని అంచు కొంచెం కిందికి వాల్చి వేస్తే, గాల్లో తనే లేచి చదునై నేరుగా పోతుంది. దాన్ని హైజర్ ఫ్లిప్ అంటారు. నేను మొదటి ఏడాది తెలియకుండా చేసింది అదే! అప్పుడది అలవాటు, ఇప్పుడు కావాలని తీసే షాట్. ఎదురుగాలిలో మాత్రం దీన్ని ముట్టుకోను.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు. రాక్ 1980ల నాటి డిస్క్. 12 సార్లు వరల్డ్ ఛాంపియన్ అయిన కెన్ క్లైమో కాలం నుంచి ఆటగాళ్లు రాక్‌లని ఇలా వయసుల వారీగా సంచిలో పెట్టుకుంటూనే ఉన్నారు. ఆయన పేరు మీద కేసీ ప్రో రాక్ కూడా వచ్చింది.

ఛాంపియన్, స్టార్ లాంటి గట్టి ప్లాస్టిక్ చాలా నెమ్మదిగా అరుగుతుంది. మార్పు అంత తొందరగా వద్దనుకుంటే అవి తీసుకోండి. వయసుల వారీగా కావాలంటే మెత్తటి మామూలు ప్లాస్టికే.

ఒకరు అడిగారు, గోడకేసి కొట్టి, గరుకు కాగితంతో రుద్ది తొందరగా పాతది చేయొచ్చా అని. టోర్నమెంట్లు ఆడేవాళ్లయితే వద్దు. పీడీజీఏ రూల్ ప్రకారం ఆటలో సహజంగా అరగడం సరే, గీతలు నున్నగా చేయడానికి కొంచెం రుద్దుకోవడం సరే. ఎగిరే తీరు మారేలా మార్పులు చేయకూడదు. పగులు వచ్చిన డిస్క్ కూడా వాడకూడదు. అందుకే నీలందాన్ని ప్రతి రౌండ్ ముందు ఇలా వంచి వెలుతురులో చూస్తాను. తొందరగా కావాలంటే షాపుల్లో వాడిన డిస్క్‌ల డబ్బా ఉంటుంది, అక్కడ వెతకండి.

ఇంకో మాట. వెనక మార్కర్‌తో పేరు, ఫోన్ నంబర్‌తో పాటు కొన్న నెల కూడా రాయండి. పోయిన చలికాలం ఈ నీలంది వాగులో పడింది. మోకాళ్ల లోతు నీళ్లలో చీకటిపడేదాకా వెతికాను. రూమ్‌మేట్ అన్న ఒడ్డు మీద నుంచి, "రేయ్, పది డాలర్ల దాని కోసం జ్వరం తెచ్చుకుంటావా, కొత్తది కొనుక్కో" అని ఒకటే అరుపు. కొత్తది కొంటే ఎర్రది వస్తుందన్నా, నీలంది రాదు. దానికి మూడేళ్లు పట్టింది. పదకొండు రోజుల తర్వాత ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. వాగులో ఇంకాస్త దిగువన వేరుకి తట్టుకుని ఉందట. వెళ్లి తెచ్చుకున్నాను. ఇంకో రెండు గీతలు పడ్డాయి, అంతే.

పసుపుది కూడా ఈమధ్య కొంచెం కుడికి చూస్తోంది. ఎర్రదాన్ని ఆ పనికి రెడీ చేయాలి. మీ సంచిలో అన్నిటికంటే పాత డిస్క్ ఏది, ఎన్నేళ్లది, కామెంట్‌లో రాయండి. వెలుతురు పోతోంది, నాకు ఇంకా మూడు హోల్స్ ఉన్నాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.