ఎండ ఉన్నా కరెంటు రాదెందుకు?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఎండకు కొదువ లేదు. కొదువ వచ్చినదల్లా కరెంటుకే. 2022 ఏప్రిల్‌లో విద్యుత్తు చాలక, ఆంధ్రప్రదేశ్‌లోని పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ విధించిన సంగతి మన వ్యాపారస్థులు మరచి ఉండరు. నిరంతరం నడిచే కర్మాగారాలు వాడకాన్ని సగానికి తగ్గించుకోవలసి వచ్చినది. తక్కినవి వారపు సెలవుకు తోడు మరొక దినం మూతపడవలసి వచ్చినది. తోతాపురి మామిడిగుజ్జు తీసే ఫ్యాక్టరీ గాని, పాలశీతల కేంద్రం గాని కొన్ని గంటలు ఆగితే సరుకుకే ముప్పు.

కప్పు మీద సౌరఫలకాలు అమర్చుకొంటే ఈ బాధ తీరుతుందని పలువురి నమ్మకం. ఇక్కడొక మెలిక ఉన్నది. బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకు కలిపిన మామూలు సౌరవ్యవస్థ, నడినెత్తిన ఎండ కాస్తున్నా సరే, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఇది రక్షణ కోసం చేసిన ఏర్పాటు. తీగలో కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి మన కప్పు మీది కరెంటు ముప్పు తేరాదు గదా! అటువంటి వ్యవస్థ బిల్లు తగ్గిస్తుందే గాని కోతను కాయదు.

కోతను కాసేది హైబ్రిడ్ వ్యవస్థ. ఇందులో ఫలకాలను, బ్యాటరీని, గ్రిడ్డును ఒకే ఇన్వర్టరు అజమాయిషీ చేస్తుంది. కరెంటు పోగానే బయటి తీగతో సంబంధం తెంచుకొని, ముఖ్యమైన పనులను ఫలకాలతోను బ్యాటరీతోను నడుపుతుంది.

అయితే బ్యాటరీ ఖరీదైన వస్తువు. కనుక ఆగరాని వాటిని ముందు వేరుచేయాలి. ఒక దుకాణంలో దీపాలు, ఫ్రిజ్, కంప్యూటరు కలిసి 1 కిలోవాట్ తీసుకొంటాయనుకొందాం. 4 గంటల కోతకు 4 యూనిట్లు కావాలి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరాదు గనుక 5 యూనిట్లది పెట్టుకోవడం మంచిది. 5 కిలోవాట్ల ఫలకాలు మంచి ఎండ ఉన్న రోజున సుమారు 20 యూనిట్లు ఇస్తాయి. మోటార్లున్నచోట మాత్రం లెక్క వేరు; కదిలేటప్పుడు అవి ఎన్నోరెట్లు అధికంగా కరెంటు లాగుతాయి. ఇన్వర్టరు అందుకు తట్టుకోగలగాలి.

ఇక నవంబరు ముసురు రోజుల మాట. 2002లో తిరుమల వంటశాలకు సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే అద్దాలు నెలకొల్పినప్పుడు కూడా, ఎండ లేని వేళల కోసం బాయిలర్లను ఉంచుకొన్నారు. మీరూ డీజిల్ ఇంజన్‌ను తొందరపడి అమ్మవద్దు.

కొనబోయే ముందు అమ్మేవారిని ఒక ప్రశ్న అడగండి: “కరెంటు పోతే ఏవేవి, ఎన్ని గంటలు నడుస్తాయి?” ఆ జవాబును కాగితం మీద వ్రాయించి తీసుకోండి.