అంట్లు తోము యంత్రము నడుమ నాగినప్పుడు



అంట్లు తోముటకు యంత్రమా యని నవ్వు పెద్దలు మనలో గలరు. బూడిదయు, చింతపండును, కొబ్బరిపీచును ఉండగా విద్యుచ్ఛక్తితో నేమి పని యని వారి భావము. అయినను 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి పనివారు ఇండ్లకు రాజాలకపోయినప్పుడు పట్టణములలో పలువురు డిష్‌వాషరును కొనిరి. పట్టణమున నున్న కొడుకు పల్లెలోని తల్లికి దీనిని కొని పంపుటయు గలదు. కొడుకు దూరమున నుండును. యంత్రము మాత్రము సగము పనిలో ఇచట నాగును.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో షెల్బీవిల్ అను నూర జోసెఫిన్ కాక్రేన్ అను నామె 1886లో దీనికి పేటెంటు పొంది, 1893లో చికాగో ప్రదర్శనమున జూపెను. గిన్నెలను తీగెల గూళ్లలో నమర్చి, సబ్బునీటిని వానిపై జిమ్మించుట యామె యుపాయము. నేటి యంత్రమును ఆ దారినే నడచుచున్నది. కొళాయినుండి కొంచెము నీరు తీసికొనును, కాచును, తిరుగు గొట్టములగుండ గిన్నెలపై జిమ్మును, మురికినీటిని తోడివేసి మరల క్రొత్తనీరు పట్టును. ఈ పనులకెల్ల గావలి కలదు. నీరు రాకున్నను, పోకున్నను, కాగకున్నను, తలుపు బిగియకున్నను యంత్రము ముందునకు సాగదు. కనుక ఆగిన యంత్రమెల్ల చెడిన యంత్రము కాదు. ఏ పనిలో నాగెనో కనుగొన్నచో సగము రోగము తెలిసినట్లే.

తలుపును వెంటనే తెరవరాదు. లోని నీరు 50 మొదలు 70 డిగ్రీల వరకు కాగియుండును; ఆవిరి మొగమునకు గొట్టును. మీట నార్పి, ప్లగ్గును ఊడదీసి, పది నిమిషములు తాళి తెరువవలయును. ఇందు వాడు సబ్బు మిగుల తీక్ష్ణమైనది గాన పసిపిల్లలను దరికి రానీయరాదు.

తెరచినంతనే అడుగున నీరు నిలిచి కనబడినచో, ఆ నీరు పోవు దారి మూసికొన్నదని గ్రహింపుడు. మన యిండ్లలో దఱచుగా వచ్చు దోష మిదియే. అడుగున నొక జల్లెడ యుండును. మెతుకులు, కరివేపాకు, ఆవాలు, చింతపండు పీచు అన్నియు నందే చేరును. దానిని త్రిప్పి తీసి, మెత్తని కుంచెతో గడిగి, మరల బిగింపవలయును. వెనుకనున్న గొట్టము గోడకు నొత్తుకొని మడతపడెనేమో చూడవలయును. గిన్నెలలోని యెంగిలిని ముందుగా దులిపివేసినచో నీ బాధ చాలవరకు రాదు.

లోపల నీరే లేకున్నచో కొళాయిని, నీటిగొట్టము మొదట నుండు చిన్న వలను చూడుడు. బోరునీటి యిసుక ఆ వలను మూయును. అదియు శుభ్రముగా నున్నచో తొట్టి యెత్తును లెక్కింపుడు. నీరు 10 మీటర్ల యెత్తున నున్నచో దాదాపు ఒక బారు ఒత్తిడి కలుగును. ఒక యంతస్తు డాబాపై తొట్టి మూడు నాలుగు మీటర్లకు మించదు. కొన్ని యంత్రములకు అర బారైనను వలయును. అట్టిచోట తొట్టినైన నెత్తవలయును, ఒత్తిడి పంపునైన బెట్టవలయును.

నీరుండియు చల్లగానే యుండి, అద్దములోని అంకె గంటసేపైనను కదలకున్నచో వేడి చాలలేదన్నమాట. పల్లెలవారు దీనిని బాగుగా నెఱుగవలయును. 230 వోల్టులుండవలసినచోట 160 మాత్రమే వచ్చినచో, వేడియు పదింట నేడువంతులుండునని తోచును. అట్లు కాదు, సగమునకు లోపడును. కాగుటకు రెట్టింపునకు మించిన కాలము పట్టును. కొన్ని యంత్రములు ఓపికతో నిలుచును. కొన్ని విసిగి యాగిపోవును. హీటరు ఇంచుమించు 2,000 వాట్లు లాగును గాన టెలివిజనుకు బెట్టు చిన్న స్టెబిలైజరు దీనికి బనికిరాదు. వోల్టేజి నిలుకడగా నుండు వేళ జూచి నడుపుట మేలు. ఉప్పునీటి ఊళ్లలో హీటరుపై సున్నపు పొర గట్టును. యంత్రములో నీటిని మెత్తబఱచు నర యున్నచో, దానికొఱకు అమ్ము గల్లుప్పునే పోయవలయును. వంటయింటి మెత్తని యుప్పు పోయరాదు.

ఇక యంత్రము ఆగియుండియు, తోడు మోటారు మాత్రము మానక మ్రోగుచున్నచో జాగ్రత్త! యంత్రపు గర్భమున నీరు కాఱినది. అడుగు పళ్లెములో తేలు బెండొకటి యుండును. నీరు చేరినంతనే అది లేచి పనిని ఆపించును. చేతితో దోమునప్పుడు వాడు సబ్బును ఇందు బోసినచో నురుగు పొంగి యిట్లగుట కలదు. కొందఱు ఊరి మిస్త్రీలు ఆ బెండును కట్టివేసి, లేదా తలుపు మీటకు తీగె కలిపి, “నడచుచున్నది చూడుడు” అందురు. నీరును విద్యుత్తును ఒకే పెట్టెలో నున్నవి. నడుమనున్న కావలిని వారు తీసివేయుచున్నారు. అట్టి పనికి ఎంతమాత్రము నొప్పుకొనకుడు. ప్లగ్గునకు మూడవ ములికి, దానికి సరియైన ఎర్తు లేని యింట నీ యంత్రమును అసలే నడుపరాదు.

కరెంటు పోయి యాగినచో దిగులు పడవలదు. మరల రాగానే ఆగినచోటినుండి సాగు యంత్రములు పెక్కు గలవు.

ఇవన్నియు జూచినను కదలకున్నచో కంపెనీవారిని బిలువవలయును. అబ్బాయికి ఫోను చేయునప్పుడు “ఆగిపోయినదిరా” అని యూరకుండక, లోన నీరున్నదో లేదో, అది వేడిగా నున్నదో చల్లగా నున్నదో, అద్దములో నే గుర్తు వెలుగుచున్నదో ఆ మూడును చెప్పుడు. ఆ గుర్తునకు అర్థము యంత్రముతో వచ్చిన పుస్తకమున నుండును.