టీకాలు – మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్య, వివాహవ్యయము, విద్యార్థి వసతిగృహము మొదలగు విషయములతోపాటు మన బిడ్డల ప్రాణరక్షణకు సంబంధించిన టీకాల విషయమును మీ సన్నిధిని విన్నవించుచున్నాము.

మశూచికమును మన పెద్దలు 'అమ్మవారు' అనిరి. టీకా వేయించినచో తల్లికి ఆగ్రహము కలుగునని వెఱచినవారు పెక్కండ్రు. 1975తో ఆ వ్యాధి మన దేశమును వీడెను. 1980లో అది లోకమునుండియే నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. అయినను లాల్‌దర్వాజాలో ఆషాఢమాసపు బోనములు నేటికిని తఱుగలేదు. టీకా వ్యాధిని తొలగించినది గాని భక్తిని తొలగింపలేదు.

అయితే టీకాకు రానివారందఱును మూఢులని నిందించుట న్యాయము గాదు. కోవిడు కాలమున మన నగరపు శివారునందే, జినోమ్ వ్యాలీలో, కోవాక్సిన్ తయారగుచుండెను. అయినను 2021 మే నెలలో 18 మొదలు 44 ఏండ్లవారు తొలుత కోవిన్‌లో పేరు నమోదు చేసికొనిననే గాని టీకా దొరకదయ్యెను. ఆ పుటలలో తెలుగు మొదలగు భాషలు జూన్‌లో గాని చేరలేదు. ఇంటిల్లిపాదికి ఒక్క ఫోను గల పాతబస్తీ కూలివానికి కోవాక్సిన్ ఎంత చేరువైనను దూరమే గదా! ఒకనాటి కూలి పోవునను చింత, మఱునాడు జ్వరము వచ్చిన ఇల్లు గడచుటెట్లను భయము దీనికి తోడు. సందేహము తీర్చువాడు లేనిచోట వదంతియే వైద్యుడగును.

కోవిడు తగ్గినదని ఏమఱరాదు. తట్టు మిక్కిలి వేగముగ వ్యాపించును. నూటికి 95 మందికి రెండు మోతాదులును అందిననే గాని అది నిలువదు. తొమ్మిది నెలలు నిండిన పిదప ఒకటి, 16–24 నెలల నడుమ రెండవది ప్రభుత్వారోగ్య కేంద్రములందు ఉచితముగ వేయుదురు. తట్టుకు కులము లేదు, మతము లేదు. పొరుగున నున్న ముస్లిం సోదరుని బిడ్డ క్షేమమే మన బిడ్డ క్షేమము.

కావున మూడు కార్యములను ప్రతిపాదించుచున్నాము. ప్రతి బస్తీకిని ఇద్దఱు సేవకులు, అందొకరు స్త్రీ, ఇంటింటికి పోయి టీకా తప్పిన బిడ్డల పట్టిక వ్రాయవలయును. బిడ్డను తీసికొనిపోవు పేదతల్లికి ఆనాటి కూలిని సంఘనిధినుండి ఇయ్యవలయును. పెద్దలు తమ మనుమలకు మొదట వేయించి, పదుగురకు ధైర్యము చెప్పవలయును.

పోషకులగు దాతలు ఇందులకు చేయూత నొసంగుదురుగాకయని ప్రార్థించుచు విరమించుచున్నాము.