సందెవేళ కోడిపిల్లల్ని తరమకండి



పెరటి కోళ్ల మీద ఉపన్యాసమంటే మేతతోనో టీకాలతోనో మొదలవుతుంది. ఇవాళ నేను పొద్దుగూకే వేళ ఓ అరగంట గురించే చెబుతాను. ఆరు వారాల వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లల్ని తెచ్చుకున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది: పగలంతా బాగానే తిరుగుతాయి, చీకటి పడితే మాత్రం గూట్లోకి రావు. కొన్ని జామకొమ్మ ఎక్కుతాయి, కొన్ని గోడవారన ముద్దగా కూర్చుంటాయి. తెల్లారి లెక్క చూస్తే రెండు తక్కువ.

నాటుకోడి పిల్లలతో మనకీ తంటా ఎందుకు లేదు? వాటికి తల్లి ఉంది. పెట్ట పగలంతా పిల్లల్ని వెంటేసుకుని తిరిగి, సందెవేళకు గంప దగ్గరికి తనే తీసుకొస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన ఈ రకాల పిల్లలు మాత్రం ఇంక్యుబేటర్‌లో పుట్టి, బ్రూడర్ బల్బు కింద పెరిగి వస్తాయి. పొద్దుగూకితే ఎటు వెళ్లాలో వాటికి ఎవరూ చూపలేదు. ఆ తల్లి పని మనమే చెయ్యాలి.

అందుకు కోడి స్వభావంలో రెండు సంగతులు తెలియాలి. కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి రాత్రిళ్లు చెట్టెక్కి పడుకుంటుంది. ఎత్తున నిద్రపోవాలనే కోరిక మన కోళ్లలో ఇంకా పోలేదు. రెండోది, మసక వెలుతురులో కోడికి చూపు సరిగా ఆనదు. బయట ఇంకా వెలుగుండగా గూడు చీకటి గుయ్యారంలా కనిపిస్తే లోపలికి అడుగు పెట్టదు. కాసేపటికి బయటా చీకటి పడుతుంది. ఇక ఉన్నచోటే కూలబడుతుంది.

కాబట్టి కొత్త పిల్లల్ని తెచ్చిన రోజే పెరట్లోకి వదలకండి. అయిదారు రోజులు గూట్లోనే ఉంచి మేత, నీళ్లు అక్కడే పెట్టండి. అదే తమ చోటని వాటికి తెలియాలి. తర్వాత సాయంత్రం పూట వదలండి, పొద్దుగూకడానికి గంట ముందు. అప్పటికి ఆకలి మీద ఉంటాయి, దూరం పోవు. గుప్పెడు నూకలు గూటి లోపల చల్లి, రోజూ ఒకే పిలుపుతో పిలవండి. వేళను గడియారం చూసి పెట్టుకోకండి. హైదరాబాద్‌లో జూన్ చివర పొద్దుగూకేది ఏడుకు కాస్త ముందు, డిసెంబర్ మొదట్లో 5.40 ప్రాంతంలోనే. కోళ్లు పొద్దును బట్టే నడుస్తాయి.

గూట్లో చిన్న బల్బు పెట్టండి. బయట మసకబారే వేళ లోపల వెలుగుంటే పిల్లలు అటే నడుస్తాయి. అన్నీ పడుకునే కర్ర ఎక్కాకే ఆర్పండి. ముందే ఆర్పితే నేల మీద ఓ మూల ఒకదాని మీద ఒకటి పడతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి.

ఇక ఆ కర్ర సంగతి. ఒకటిన్నర, రెండంగుళాల మందం ఉన్న చెక్క తీసుకుని అంచులు నున్నగా చెయ్యండి. మొదట అడుగు ఎత్తు చాలు, పిల్లలు పెరిగేకొద్దీ పైకి జరపండి. ఒక్కోదానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చోటు ఉండాలి. గుడ్లు పెట్టే పెట్టె కర్ర కంటే కిందే ఉండాలి. లేకపోతే పెట్టెలోనే పడుకుని రెట్టలతో పాడుచేస్తాయి. ఇంట్లో పాత కోళ్లుంటే అవి కొత్తవాటిని పొడిచి దించేస్తాయి. అందుకే ఒకే ఎత్తులో రెండు మూడు కర్రలు కట్టండి.

ఇంత చేసినా ఒకటి రెండు బయటే ఉంటాయి. కర్ర పుచ్చుకుని తరిమితే అవి నేర్చుకునేది ఒక్కటే: గూడంటే భయం. చీకటి పడేదాకా ఆగండి. అప్పుడు కదలకుండా కూర్చుంటాయి. రెండు చేతులతో ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టండి. కొన్ని రాత్రులు ఇలా చేస్తే తమంతట తామే రావడం మొదలుపెడతాయి.

బాగా అలవాటైన కోళ్లే ఉన్నట్టుండి గూట్లోకి రావడం మానేశాయా? టార్చి పట్టుకుని కర్ర పగుళ్లలో చూడండి. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగే గోమార్లు అక్కడే దొరుకుతాయి. వేసవిలోనైతే గూటి పైకప్పు రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. రాత్రయినా వేడి తగ్గకపోతే పైన తాటాకు పరవండి, గోడ పైభాగంలో గాలి ఆడేలా సందులుంచి వల కొట్టండి. ఆ వల కన్ను అర అంగుళం మించకూడదు. పెద్ద కన్నుల వల కోడిని బయటికి పోనివ్వదు గానీ పిల్లి పంజానూ పామునూ ఆపలేదు. పందికొక్కు తవ్వి రాకుండా గూడు అడుగున్నర ఎత్తులో కాళ్ల మీద నిలబడితే మంచిది. తలుపు మూసే ముందు తలలు లెక్కపెట్టండి.

కోడి గూట్లోకి రాలేదంటే దాని పొగరని తిట్టుకోకండి, తప్పు గూట్లో వెతకండి. ఇవాళ సాయంత్రమే గూటి ముందు గొంతుక్కూర్చుని, కోడి ఎత్తు నుంచి లోపలికి చూడండి. కర్ర మీకు కనబడకపోతే దానికీ కనబడదు. ముందు అది సరిచెయ్యండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.