మెయిల్‌లో మర్యాద
1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఇప్పుడు అక్కడి హైటెక్ సిటీ నుంచి విదేశాలకు వెళ్లే మెయిళ్లకు లెక్కేలేదు. వాటి చివర తరచూ కనిపించే తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’. ఇక్కడ ‘టు’ మన విభక్తి లాంటిది. దాని తర్వాత ‘హియరింగ్’ అనే రావాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ కూడా అంతే. ‘థాంక్ యూ’ విడివిడిగా రాయండి. ‘ఇన్‌కన్వీనియన్స్’లో ‘వి’ తర్వాతి అక్షరం ‘ఈ’, ‘ఐ’ కాదు.

‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, పాతకాలపు ఆఫీసు ఇంగ్లిష్. కానీ అమెరికాలోని క్లయింటుకు ఏం చేయాలో తెలియకపోవచ్చు. ‘ప్లీజ్’ అని, ఏ పని ఎప్పటిలోగా కావాలో రాయండి. ఇలాంటి తప్పులకు కొత్తగా చేరిన పిల్లలను చిన్నచూపు చూడకండి. పక్కన కూర్చుని ఒక్కసారి చెబితే నేర్చుకుంటారు.