జెట్ విమానపు నమూనా నిర్మాణము

కోనసీమవారికి చేతిపని క్రొత్త గాదు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరును. ఆ ప్రభలు కట్టు ఊళ్ళలో వెదురుబద్ద ఎంతవరకు వంగునో, ఎచ్చట విరుగునో పిల్లలకు సయితము తెలిసియుండును. 2023 గణతంత్ర దినోత్సవమునాడు ఢిల్లీలోని కర్తవ్యపథమున ఆంధ్రప్రదేశ్ శకటము ఈ ప్రభల తీర్థమునే ప్రదర్శించినది. పొలములకు అడ్డముగా, కౌశిక పాయను దాటి సాగు మహోత్సవమును ఒక్క శకటము మీదికి కుదించి చూపుట నమూనా నిర్మాణమే గదా! పెద్దదానిని చిన్నదిగా చేయునప్పుడు దేనిని నిలుపవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న ఎల్లెడల ఒక్కటే. ఆ ప్రశ్నను యుద్ధవిమానపు నమూనా విషయమున నేడు విచారింతము.

ఇట్టి నమూనాలు పెట్టెలలో విడిభాగములుగా లభించును. పెట్టె విప్పినచో ప్లాస్టిక్ చట్రములు, వానికి అంటియున్న చిన్న చిన్న ముక్కలు, క్రమము తెలుపు బొమ్మల కాగితము, నీటిలో నానబెట్టి అంటింపదగిన గుర్తుల పత్రము కనబడును. పెట్టె మీద 1:72 అని యుండుట సామాన్యము. అసలు విమానమున ఆరడుగులు నమూనాలో ఒక్క అంగుళమని దీని యర్థము. ఆరడుగుల మనుష్యుడు అంగుళపు బొమ్మ యగును.

ఈ కొలతకు చరిత్ర గలదు. 1932లో బ్రిటన్‌లో వెలువడిన ‘స్కైబర్డ్స్’ కొయ్య నమూనాలు ఈ కొలతను ప్రచారమునకు తెచ్చినవి. 1936లో ‘ఫ్రాగ్ పెంగ్విన్’ పేర ప్లాస్టిక్ నమూనాలు వచ్చినవి. 1942లో అమెరికా నౌకాదళము అయిదు లక్షల విమాన నమూనాలు కావలెనని పాఠశాలల విద్యార్థులను కోరినది. ఆకాశమున కనబడు విమానము తమదో శత్రువుదో ఆకారమును బట్టి గుర్తించుటను సైనికులకు నేర్పుటకు అవి సాధనములైనవి. 1:72 నమూనాను 35 అడుగుల దూరమునుండి చూచినచో, 2,520 అడుగుల దూరమున, అనగా సుమారు అర మైలు దూరమున, అసలు విమానమును చూచినట్లే యుండును. ఆ సంవత్సరమే, ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు విశాఖపట్నము మీదను, కోనసీమకు పొరుగున నున్న కాకినాడ మీదను బాంబులు వేసినవి. ఆకాశమును చూచి గుర్తుపట్టుట ఆనాడు ప్రాణములతోడి వ్యవహారము. నేడు ఆటవస్తువని మనము తలచునది అట్టి యవసరములో ఎదిగినది.

ఏ విమానమును నిర్మింపవలెను? అసలును కన్నులార చూడవీలగు దానిని నిర్మించుట మేలని మా యభిప్రాయము. అమలాపురమునుండి ఒక పూట ప్రయాణముతో చేరదగిన విశాఖ సముద్రతీరమున సీ హారియర్ జెట్ విమానమొకటి ప్రదర్శనకు నిలుపబడియున్నది. మన నౌకాదళపు తొలి సీ హారియర్లు 1983 డిసెంబరులో గోవాకు చేరినవి. ఆ నెలలోనే అరుణ్ ప్రకాశ్ గారు విక్రాంత్ నౌక మీద ఆ విమానమును దింపిరి. పిమ్మట విరాట్ నౌక మీదను అవి సేవచేసి, 2016 మే నెలలో విరమించినవి. ఈ విమానము నిలువుగా దిగగలదు. ఇంజను నుండి వెలువడు ధారలను నాలుగు నాళముల ద్వారా వెనుకకు గాని క్రిందికి గాని త్రిప్పుటయే అందలి కిటుకు. ముందరి రెండు నాళములనుండి చల్లని గాలి, వెనుకటి రెంటినుండి మండిన వాయువులు వెలువడును. కావుననే నమూనాలో వెనుకటి నాళములకు కాలిన ఇనుపరంగు వేయుదురు. వాని వెనుక ప్రక్కల కొలదిగా మసి చూపుదురు. కారణము తెలిసి వేసిన రంగునకును, బొమ్మను చూచి వేసిన రంగునకును భేదము గలదు.

సీ హారియర్ పొడవు 14.5 మీటర్లు, రెక్కల విస్తారము 7.7 మీటర్లు. నమూనాలో ఇవి 20 సెంటీమీటర్లు, పదకొండుకు కొంచెము తక్కువ అగును. ఇంత చిన్న వస్తువునకు తొందర పనికిరాదు. చట్రములను మొదట సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. అచ్చునుండి వచ్చిన జిడ్డు పోనిచో రంగు నిలువదు. ముక్కలను చేతితో విరువక, చిన్న కటింగు ప్లయరుతో కత్తిరించి, మిగిలిన మొటిమను ఉప్పుకాగితముతో అరుగదీయవలెను. జిగురు పూయుటకు ముందు ముక్కలను ఒకదానితో నొకటి ఆనించి చూచుకొనవలెను. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరగించి రెండింటిని ఏకము చేయును. ఎక్కువైనచో పైభాగమును తినివేయును. కొబ్బరి యీనె కొనతో అంటినంత చాలును. దాని ఆవిరి మంచిది కాదు. తలుపులు మూసిన గదిలో గాక, గాలి వచ్చు అరుగు మీద పనిచేయవలెను. పదునైన బ్లేడు పని పెద్దల యెదుటనే జరుగవలెను.

మొదట వైమానికుని ఆసనమును, దాని పరిసరములను పూర్తిచేసి, పిమ్మట దేహపు రెండు సగములను కలుపవలెను. హారియర్ రెక్కలు క్రిందికి వాలియుండును. ఎదుటినుండి కంటిమట్టమున చూచి వాలు ఇరుప్రక్కల సమముగా నున్నదని నిశ్చయించుకొనవలెను. చక్రములు మరింత చిక్కు తెచ్చును. ముందు, నడుమ చక్రములు దేహము క్రిందను, రెక్కల కొనల సమీపమున చెరియొక సన్నని కాలును ఉండును. ఈ నాలుగు తావులును ఒకేసారి నేలను తాకవలెను. జిగురు తడియారకముందే నమూనాను అద్దపుపలక మీద నిలిపి సరిచూచుట ఉత్తమము.

రంగు వేయుటలో కోనసీమకు ప్రత్యేకమైన చిక్కు గలదు. వానకాలమున గాలిలో తేమ మెండు. త్వరగా ఆరు లక్క జాతి రంగును అట్టి దినమున పిచికారి చేసినచో, ఆరునప్పుడు పైన తెల్లని పొగ పట్టినట్లగును. కావున మాఘ ఫాల్గుణములలో, మంచు విడిన పిమ్మట, పొడి గాలి గల పూట ఈ పనికి అనుకూలము. రంగు వేసిన చిన్న ముక్కలను ఆరబెట్టుటకు అరటిబోదె ముక్కను మించిన పీట లేదు. ఈనెలకు ముక్కలను తగిలించి దానిలో గ్రుచ్చినచో కదలక నిలుచును. తుదకు గుర్తులు అంటింపవలెను. మన విమానముల చక్రపు గుర్తులో నడుమ ఆకుపచ్చ, దాని చుట్టు తెలుపు, వెలుపల కాషాయము ఉండును. తోక మీద 300వ దళపు తెల్లపులి యుండును.

ఇక్కడనే అసలు పరీక్ష ఎదురగును. ఆ విమానములు మొదట వచ్చినప్పుడు పైభాగము ముదురు బూడిదరంగు, అడుగు తెలుపు. తరువాతి కాలమున రంగులు మారి అంతయు బూడిదరంగైనది. మొదటి కాలపు రంగు, కడపటి కాలపు ఆయుధములు కలిపినచో చూపునకు సొంపుగా నుండవచ్చును గాని, అట్టి విమానము ఏనాడును ఎగురలేదు. కావున అనుభవజ్ఞులు విమానజాతిని గాక, ఒక్క విమానమును, ఒక్క సంవత్సరమును ఎన్నుకొని, ఆనాటి ఛాయాచిత్రములను చూచి నిర్మింతురు. పిల్లవానికి ఈ నిర్మాణము నేర్పు గొప్ప పాఠమిది. తోచినది గాక, ఉన్నది చేయవలెను.

కొందరు తలిదండ్రులు యుద్ధవిమానపు బొమ్మ పిల్లలకు ఏల యని శంకింతురు. శంక న్యాయమైనదే. నమూనాకు పొడవు 72వ వంతునకు మాత్రమే తగ్గినను, ఘనపరిమాణము 3,73,248వ వంతునకు తగ్గిపోవును. ఆకారము నిలిచినను బరువు, ధ్వని, వేడిమి, భయము నిలువవు. అరచేతిలో నిలుచు హారియర్ అందముగా నుండును. మన దేశము కొనిన ముప్పది సీ హారియర్లలో సగమునకు పైగా ప్రమాదములలో నశించినవి. వైమానికులు ప్రాణములు కోల్పోయిరి. ఈ సంగతి పెట్టె మీద వ్రాసియుండదు. ఇంటిలోని పెద్దలే చెప్పవలెను.

నమూనాలతో అంగుళమైన లేని చిన్న వైమానికుని బొమ్మ వచ్చుట కలదు. కొందరు దానిని పనికిమాలినదని విడిచి, గాజుకప్పును మూసివేయుదురు. ఆ బొమ్మకు రంగు వేసి ఆసనమున కూర్చుండబెట్టవలెనని మేము కోరుదుము. అప్పుడు యంత్రమెంత పెద్దదో, దానిలోని మనుష్యునకు ఎంత చోటున్నదో పిల్లవానికి బోధపడును. ఈ యొక్క ముక్క ఉన్నప్పుడే తక్కిన ముక్కలకు కొలత ఏర్పడును.

సెలవులలో విశాఖకు వెళ్ళువారు పిల్లల చేతికి నోటుపుస్తకమును, పెన్సిలును ఇచ్చి హారియర్ ముందు నిలుపవలెను. చక్రములు ఎచ్చట నున్నవి, నాళములు ఏ దిక్కునకు తిరిగియున్నవి, రెక్క ఎంత వాలియున్నది వ్రాసుకొననిండు. సమీపముననే కురుసుర జలాంతర్గామియు, టీయూ-142 విమానమును గలవు. ఇంటికి వచ్చి ఆ వ్రాతలను ముందుంచుకొని నిర్మాణము సాగింపవలెను. పూర్తియైన నమూనా ప్రక్కన విమానపు పేరు, దళము, సంవత్సరము వ్రాసిన చిన్న చీటీ నుంచవలెను. చూడవచ్చిన చుట్టములు అది ఏమని అడిగినప్పుడు, ఆ చీటీని చూపి తక్కిన కథను పిల్లవాడే చెప్పగలడు.