ఏ కట్టె అమ్మవచ్చును?



పంట వ్యర్థములను మండించి తీయు విద్యుత్తును ప్రభుత్వము పునరుత్పాదక శక్తిగా లెక్కించుచున్నది. బొగ్గు కాలిన మరల పుట్టదు. కంది కట్టె మరుసటి పంటలో మరల వచ్చును. ఈ లెక్కకు మూలమిదే. పంపిణీ సంస్థలు ఇట్టి విద్యుత్తును ఎంత కొనవలెనో 2003 విద్యుత్ చట్టము ప్రకారము రాష్ట్ర నియంత్రణ కమిషన్ నిర్ణయించును. బొగ్గు కేంద్రములు సైతము నూటికి 5 పాళ్లు వ్యర్థముల గుళికలు కలుపవలెనని కేంద్రము 2021 అక్టోబరులో ఆదేశించినది. కనుక మన కట్టెకు బేరము రావచ్చును.

అయితే చట్టము లెక్క వేరు, చేని లెక్క వేరు. ఒక యూనిట్టు కరెంటుకు సుమారు కిలోంబావు కట్టె కావలెను. 6 మెగావాట్ల కేంద్రము ఏడాది నడచుటకు దాదాపు 50 వేల టన్నులు పట్టును. మన అనంతపురము సీమలో సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. వాన తప్పిన ఏట కాయ పట్టకపోయినను వేరుశనగ కట్టె దక్కును. పశువులను బ్రతికించునది అదే. దానిని అమ్మినచో వేసవిలో మేత కొనవలెను, లేదా ఎద్దులను సంతకు తోలవలెను. పశువు పోయిన పేడ పోవును, ఎర్రనేల నిస్సారమగును. మండిన కట్టెలోని నత్రజని పొగతో పోవును. పొటాషు బూడిదలో మిగిలి కేంద్రము వద్దనే ఉండును.

కావున ఇట్లు చేయుడు:

1. వేరుశనగ కట్టె వామి వేసికొనుడు, అమ్మవద్దు.

2. కంది, ఆముదము కట్టెలో వంటకు పోగా మిగిలినది అమ్మవచ్చును. ఆకు చేనిలోనే రాలనిండు.

3. సర్కారు తుమ్మ నరికిన మరల చిగుర్చును. ఆకును పశువులు ముట్టవు. ఇది మంచి వంటచెరకు. చెరువులో, వంకలో ఉన్నచో ముందుగా అనుమతి పొందుడు.

4. నూరు కిలోల వేరుశనగ కాయలకు 25 నుండి 30 కిలోల పొట్టు వచ్చును. కాయలుగా అమ్మిన ఇది మిల్లువారికి పోవును. నలుగురు కలిసి ఊరిలోనే ఒలిపించిన మీకే దక్కును.

బేరమాడునపుడు తూకము ఊరిలోనే వేయించుడు. బూడిదలో కొంత తిరిగి ఇమ్మని అడుగుడు. ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు, వచ్చు వేసవి వరకు మీ పశువులకు ఎన్ని బండ్ల మేత కావలెనో లెక్క వేసికొనుడు.